ఆస్తుల చిట్టాకు తుపాను గడువు

అమెరికా ప్రభుత్వంలో పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు ఏటా తమ ఆస్తిపాస్తుల చిట్టా బయటపెట్టాలి. 1978లో వచ్చిన ‘ఎథిక్స్ ఇన్ గవర్నమెంట్ యాక్ట్’ పెట్టిన నియమం అది. ఆ చట్టంలో గడువుల గురించి రాసిన చోట ఒక వింత కనిపిస్తుంది. యుద్ధ క్షేత్రంలో పనిచేసే ఉద్యోగికి అక్కడ ప్రత్యేకంగా వెసులుబాటు ఉంది. విధులు ముగిసిన నాటి నుంచి 180 రోజుల దాకా చిట్టా ఇవ్వవచ్చు. గాయపడి ఆసుపత్రిలో చేరితే ఆ చికిత్స ముగిసిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. హరికేన్‌లో ఇల్లు కొట్టుకుపోయిన ఉద్యోగి గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. వరద, భూకంపం, కార్చిచ్చు అన్న మాటలే అక్కడ రావు.

అయినా విపత్తులు వచ్చినప్పుడు ఇలాంటి గడువులు కదిలాయి. ఒకచోట తేదీయే మారింది, మరోచోట తేదీ అలాగే ఉండి జరిమానా పోయింది. ఈ ఏర్పాటును ఎవరో ఒకరు కూర్చుని కనిపెట్టలేదు. సైనికుల కోసం రాసిన చట్టం, కోర్టు గుమాస్తాల నియమం, పన్నుల శాఖ అనుభవం, నగరం మునిగిన వారంలో ఒక గవర్నర్ చేసిన సంతకం: ఇవన్నీ కలిసి కొంచెం కొంచెంగా దాన్ని తయారుచేశాయి. ఆ కథను వరుసగా చూస్తే ఒక సంగతి తేలుతుంది. పన్ను రిటర్నుకు గడువు పెంచడం, ఆస్తుల చిట్టాకు గడువు పెంచడం చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ, రెండింటి వల్ల నష్టపోయేవాళ్లు వేరు.

చిట్టా పుట్టుక

ముందు చిట్టా సంగతి. 1951 సెప్టెంబర్ 27న అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ కాంగ్రెస్‌కు ఒక సందేశం పంపారు. పెద్ద జీతాల అధికారులు, కాంగ్రెస్ సభ్యులు తమ ఆదాయ వివరాలు ఏటా ప్రజల ముందు పెట్టాలని కోరారు. పన్నుల శాఖలో లంచాల గొడవలు బయటపడుతున్న రోజులవి. కాంగ్రెస్ ఆ మాట పట్టించుకోలేదు. 1965 మే 8న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 11222 నంబరు ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ ఇచ్చారు. పెద్ద అధికారులు తమ ఆర్థిక ప్రయోజనాల వివరాలు సివిల్ సర్వీస్ కమిషన్‌కు ఇవ్వాలి. అయితే అవి రహస్యం. జనం చూడటానికి వీల్లేదు. ఎవరు ఇచ్చారో, ఎవరు ఇవ్వలేదో, ఇచ్చినవాటిని ఎవరు చదివారో సరిగా పట్టించుకునే నాథుడు లేడని తర్వాతి దశాబ్దంలో ప్రభుత్వ ఆడిటర్ల నివేదికలే తప్పుపట్టాయి.

వాటర్‌గేట్ కుంభకోణం ఈ పరిస్థితిని తలకిందులు చేసింది. నిజానికి రాష్ట్రాలు ఫెడరల్ ప్రభుత్వం కన్నా ముందే మేల్కొన్నాయి. వాషింగ్టన్ రాష్ట్ర ఓటర్లు 1972లోనే ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా వెల్లడి చట్టం తెచ్చుకున్నారు. కాలిఫోర్నియాలో 1974 జూన్‌లో ‘పొలిటికల్ రిఫార్మ్ యాక్ట్’ దాదాపు 70 శాతం ఓట్లతో గెలిచింది. అధ్యక్షుడు నిక్సన్ రాజీనామాకు అప్పటికి ఇంకా రెండు నెలలుంది. ఫ్లోరిడాలో గవర్నర్ రూబిన్ అస్క్యూ చట్టసభతో విసిగిపోయి నేరుగా జనం సంతకాలు సేకరించి 1976లో రాజ్యాంగ సవరణే చేయించారు. దాని పేరు ‘సన్‌షైన్ అమెండ్‌మెంట్’. చివరికి 1978 అక్టోబర్ 26న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఫెడరల్ చట్టంపై సంతకం పెట్టారు. దాన్ని చూసుకోవడానికి ‘ఆఫీస్ ఆఫ్ గవర్నమెంట్ ఎథిక్స్’ పుట్టింది. మొదట సిబ్బంది వ్యవహారాల శాఖలో ఒక భాగంగా ఉండి, 1989 అక్టోబర్ 1న విడిగా సొంత సంస్థ అయింది.

జాన్సన్ కాలానికీ కార్టర్ కాలానికీ అసలు తేడా రెండు విషయాల్లో ఉంది. ఒకటి, చిట్టా అడిగినవారికి చూపించాలి. రెండు, దానికి ఒక తేదీ ఉండాలి.

తేదీకి ఉన్న విలువ

ఆ తేదీ మే 15. అమెరికాలో ఆదాయపు పన్ను రిటర్నులకు గడువు ఏప్రిల్ 15, సరిగ్గా నెల ముందు. పన్ను లెక్కలు తేలి కాగితాలు ఇంకా చేతిలో ఉండగానే ఆస్తుల ఫారం నింపవచ్చు. ఆ ఫారంలో వెయ్యి డాలర్లు దాటిన పెట్టుబడులు, 200 డాలర్లు దాటిన ఆదాయాలు, 10 వేల డాలర్లు దాటిన అప్పులు, జీవిత భాగస్వామి పేరున ఉన్న షేర్లు, బయటి సంస్థల్లో పదవులు, కానుకలు రాయాలి. విలువలు అణాపైసలతో సహా అక్కర్లేదు. వెయ్యిన్నొకటి నుంచి 15 వేల దాకా, 15 వేల నుంచి 50 వేల దాకా అంటూ శ్రేణులు ఉంటాయి, తగినదానికి టిక్కు పెడితే చాలు.

గడువు కాస్త దాటితే ఏం చేయాలో కూడా చట్టం ముందే ఆలోచించింది. సహేతుకమైన కారణం ఉంటే పొడిగించవచ్చు, కానీ అన్ని పొడిగింపులూ కలిపి 90 రోజులు మించకూడదు. అంటే మే 15 గడువు ఎంత సాగదీసినా ఆగస్టు 13 దగ్గర ఆగిపోతుంది. వాషింగ్టన్‌లో విలేకరులు ఆ ఆగస్టు తేదీ కోసం కాచుకుని ఉంటారు. గడువు దాటి 30 రోజులైనా చిట్టా రాకపోతే 200 డాలర్ల ఆలస్య రుసుము కట్టాలి. అసాధారణ పరిస్థితులు ఉంటే దాన్ని మాఫీ చేయవచ్చు. విపత్తుకు దారి తెరిచింది ఈ రెండు మాటలే: ‘సహేతుకమైన పొడిగింపు’, ‘అసాధారణ పరిస్థితులు’. తుపాను అన్న మాట చట్టంలో లేకపోయినా, తుపానులో చిక్కుకున్న అధికారి తలుపు తట్టగలిగిన చోట్లు ఇవి. ఎథిక్స్ ఆఫీసు రూల్స్ ఇంకో అడుగు ముందుకు వేశాయి. పొడిగింపు ఒక్కొక్కరికే కాదు, ఒక వర్గం ఉద్యోగులందరికీ కలిపి కూడా ఇవ్వవచ్చు. మునిగిన ఊళ్లో వంద మంది అధికారులుంటే వంద అర్జీలు రాయించనక్కర్లేదు.

ఇక్కడ క్యాలెండర్ ఒక సాయం కూడా చేసింది. అట్లాంటిక్ హరికేన్ల కాలం జూన్ 1న మొదలై నవంబర్ 30న ముగుస్తుంది. మే 15 దానికి ముందే వెళ్లిపోతుంది. అందుకే చాలా ఏళ్లపాటు ఏటా ఇచ్చే చిట్టాకూ హరికేన్‌కూ నేరుగా ఢీకొనే పరిస్థితి రాలేదు. 2012లో వచ్చిన స్టాక్ యాక్ట్ ఆ నిశ్చింత పోగొట్టింది. షేర్లు కొన్నా అమ్మినా ఆ లావాదేవీ తెలిసిన 30 రోజుల్లో, ఎలా చూసినా 45 రోజులు దాటకుండా రిపోర్టు ఇవ్వాలని అది చెప్పింది. ఈ రిపోర్టులు ఆ ఏడాది జులై 3న మొదలయ్యాయి. అక్టోబర్ 29న శాండీ తుపాను న్యూజెర్సీ తీరం దాటింది. వాషింగ్టన్‌లో ఫెడరల్ ఆఫీసులు రెండు రోజులు మూతపడ్డాయి. ఏటా ఒకసారి వచ్చే గడువు తుపానులను తప్పించుకుంటుంది గానీ, ఏ వారంలోనైనా వచ్చే గడువు తప్పించుకోలేదు.

గడియారం ఆపిన పాత లెక్కలు

గడువు రోజున తలుపు మూసి ఉంటే ఏం చేయాలన్న ప్రశ్న పాతదే. మన దేశంలోనే 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్ట్ 10వ సెక్షన్ దానికి జవాబు చెప్పింది. చివరి రోజున కోర్టు గానీ ఆఫీసు గానీ మూసి ఉంటే, అది మళ్లీ తెరిచిన రోజున చేసిన పని గడువులోపల చేసినట్టే. అమెరికా ఫెడరల్ కోర్టుల నియమాల్లో 1985లో ఇంకొంచెం చేర్చారు. వాతావరణం వల్లో, మరో కారణం వల్లో కోర్టు గుమాస్తా ఆఫీసుకు చేరుకోలేకపోతే ఆ రోజు లెక్కలోకి రాదు. రెండింటి చూపూ ఒకవైపే: కాగితం తీసుకునే బల్ల దగ్గర ఏం జరిగిందన్నదే వాటికి ముఖ్యం. కాగితం ఇవ్వాల్సిన మనిషి ఊళ్లో ఏం జరిగిందో వాటికి పట్టదు.

ఇచ్చేవాడి వైపు చూడటం సైనికులతో మొదలైంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1918లో అమెరికా చేసిన ‘సోల్జర్స్ అండ్ సెయిలర్స్ సివిల్ రిలీఫ్ యాక్ట్’ యుద్ధానికి వెళ్లినవారిపై కోర్టు గడియారాలను ఆపింది. పన్నుల చట్టం కూడా అదే బాట పట్టింది. యుద్ధ క్షేత్రంలో గడిపిన కాలం, ఆ పైన 180 రోజులు లెక్కలోకి తీసుకోకూడదన్నది. ఆస్తుల చిట్టా చట్టంలోని యుద్ధ వెసులుబాటు దీనికి తమ్ముడి వరస. అదే 180 రోజులు, అదే ఆసుపత్రి లెక్క.

పన్నుల చట్టం అక్కడ ఆగలేదు. 1997లో కాంగ్రెస్ ఒక కొత్త సెక్షన్ చేర్చింది. అధ్యక్షుడు విపత్తు ప్రాంతంగా ప్రకటించిన చోట ఉన్నవారికి పన్నుల శాఖ గడువులు పొడిగించవచ్చు, మొదట 90 రోజుల దాకా. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత దాన్ని ఏడాది దాకా పెంచారు. 2019 డిసెంబర్‌లో ఇంకో మలుపు తిరిగింది. విపత్తు ప్రకటన వస్తే 60 రోజుల పొడిగింపు దానంతటదే అమల్లోకి వచ్చేలా చట్టం మార్చారు, అధికారి దయ అక్కర్లేదు. సైనికుడి కోసం కనిపెట్టిన పద్ధతి ఇరవై ఏళ్లలో వరద బాధితుడి హక్కుగా మారింది. ఆస్తుల చిట్టా చట్టం మాత్రం అన్న దగ్గర యుద్ధం పాఠం నేర్చుకుని, తుపాను పాఠం వదిలేసింది.

అలా ఎందుకు జరిగిందని అడిగితే నాకు తోచే కారణం ఒకటుంది. పన్ను కట్టేవాళ్లు కోట్లమంది, ప్రతి నియోజకవర్గంలోనూ ఉంటారు. వాళ్ల బాధ ప్రతినిధుల చెవిన పడుతుంది. ఆస్తుల చిట్టా ఇచ్చేవాళ్లు కొన్ని వేలమంది అధికారులు, ప్రతినిధులు. తమ కోసం తామే గడువు పెంచుకునే చట్టం తెస్తే జనం ఏమంటారో ప్రతినిధులకు బాగా తెలుసు. ఎవరి కోసమైతే చట్టం రాయాలో వాళ్లే రాసేవాళ్లు అయినప్పుడు, రాయకుండా ఉండటమే మర్యాదగా కనిపిస్తుంది.

కట్రీనా వారం

2005 ఆగస్టు 29న హరికేన్ కట్రీనా లూసియానాను తాకింది. కరకట్టలు తెగి న్యూ ఆర్లియన్స్ నగరంలో దాదాపు 80 శాతం నీట మునిగింది. కోర్టులు, లాయర్ల ఆఫీసులు, ఫైళ్లు, వాటి గుమాస్తాలు అన్నీ ఒకేసారి చెల్లాచెదురయ్యాయి. అయిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తాత్కాలికంగా హ్యూస్టన్‌కు మకాం మార్చింది. ‘ఆఫీసు మళ్లీ తెరిచిన రోజు’ అన్న పాత సూత్రం అక్కడ పనికిరాలేదు. ఆఫీసు ఏ రోజు తెరుస్తుందో ఎవరికీ తెలియదు, తెరిచినా వచ్చేవాళ్లు వేరే రాష్ట్రాల్లో తలదాచుకుంటున్నారు.

అదే ఊళ్లో ఇంకో దృశ్యం కూడా ఉంది. ఫెడరల్ ప్రభుత్వంలో 5 లక్షలకు పైగా ఉద్యోగుల జీతాలు లెక్కకట్టే నేషనల్ ఫైనాన్స్ సెంటర్ న్యూ ఆర్లియన్స్‌లోనే ఉండేది. దాని సిబ్బంది ముందే బయల్దేరి ఫిలడెల్ఫియాలో సిద్ధంగా ఉంచుకున్న ప్రత్యామ్నాయ కేంద్రం నుంచి పని నడిపారు. జీతాలు వేళకు పడ్డాయి. అంటే ప్రభుత్వం తల్చుకుంటే తుపానులోనూ తేదీ నిలబెట్టగలదు. ఏ తేదీని నిలబెట్టాలి, ఏ తేదీని వదలాలి అన్నది ప్రకృతి తేల్చే విషయం కాదు, ముందు చూపుతో మనుషులు తేల్చుకునే విషయం.

గవర్నర్ కాథ్లీన్ బ్లాంకో సెప్టెంబర్ 6న ఒక ఉత్తర్వు ఇచ్చారు. ఆగస్టు 29 నుంచి సెప్టెంబర్ 25 దాకా రాష్ట్రంలోని కోర్టులు, పరిపాలనా సంస్థలు, బోర్డుల ముందున్న చట్టపరమైన గడువులన్నీ ఆగిపోయినట్టే. తర్వాత ఇంకొన్ని ఉత్తర్వులతో ఆ వ్యవధి పెంచారు. అయితే చట్టసభ రాసిన గడువును గవర్నర్ కలంతో ఆపగలరా అన్న సందేహం వెంటనే వచ్చింది. ఆ నవంబర్‌లో ప్రత్యేక సమావేశంలో చట్టసభే ఆ ఉత్తర్వులకు ఆమోదముద్ర వేసింది. ఉత్తర్వు ముందు, చట్టం తర్వాత: అత్యవసరంలో గడువు ఆపే పద్ధతికి ఈ వరస ఒక నమూనా అయింది.

లూసియానాలో ఆస్తుల వెల్లడి నియమాలు అప్పటికి బలహీనంగానే ఉండేవి. 2008 ఫిబ్రవరిలో కొత్త గవర్నర్ బాబీ జిందాల్ చట్టసభను ప్రత్యేకంగా పిలిపించి వాటిని గట్టిపరిచారు. అక్కడ కూడా గడువు మే 15. హరికేన్ గుస్తావ్ అదే ఏడాది సెప్టెంబర్ 1న ఆ తీరాన్నే తాకింది.

తేదీ కదలదు, జరిమానా దిగుతుంది

గవర్నర్ దగ్గర ఎమర్జెన్సీ అధికారం ఉంటుంది. ఎథిక్స్ కమిషన్ దగ్గర ఉండదు. చట్టసభ చట్టంలో తేదీ రాస్తే, ఆ చట్టం కింద పుట్టిన కమిషన్ దాన్ని చెరిపి ఇంకోటి రాయలేదు. కానీ జరిమానా వేయాలా వద్దా అన్నది చాలాచోట్ల కమిషన్ చేతిలోనే ఉంటుంది. అందుకని రెండో దారి పుట్టింది. తేదీని ముట్టుకోరు, దాటినందుకు శిక్షను తగ్గిస్తారు.

దీనికి అతి వివరమైన రూపం పక్కనే ఉన్న ఇంకో వెల్లడి రంగంలో దొరుకుతుంది. అది ఎన్నికల విరాళాల లెక్కలు. ఫెడరల్ ఎలక్షన్ కమిషన్ 2000లో ఆలస్యపు రిపోర్టులకు జరిమానాల పట్టిక పెట్టింది. శాయశక్తులా ప్రయత్నించామన్న వాదనను కమిషన్ పట్టించుకోవాలని 2004లో మసాచుసెట్స్ ఫెడరల్ కోర్టు చెప్పింది. 2007లో కమిషన్ కొత్త నియమం రాసింది. ముందుగా ఊహించలేని పరిస్థితుల జాబితాలో తీవ్రమైన వాతావరణం, విపత్తు సంఘటనలు చేరాయి. ఇంటర్నెట్ విస్తృతంగా స్తంభించడమూ చేరింది. ఏవి సాకులు కావో కూడా అదే నియమం చెప్పింది. నిర్లక్ష్యం, కోశాధికారికి జబ్బు చేయడం, సిబ్బందికి అనుభవం లేకపోవడం, తమ సొంత కంప్యూటర్ పాడవడం, గడువు తేదీ తెలియదనడం చెల్లవు. అన్నిటికన్నా గట్టి షరతు చివర్లో ఉంది. ఆ పరిస్థితి తొలగిన 24 గంటల్లో రిపోర్టు ఇచ్చి ఉండాలి. పన్నుల చట్టం నెలల్లో మాట్లాడితే, ఈ నియమం గంటల్లో మాట్లాడింది. ఓటు వేసే లోపల విరాళం సంగతి జనానికి తెలియకపోతే ఆ తర్వాత తెలిసి లాభం తక్కువ కాబట్టి.

ఫ్లోరిడా పద్ధతి దీనికి కాస్త మెత్తని రూపం. అక్కడ ఆస్తుల ఫారానికి గడువు జులై 1. సెప్టెంబర్ 1 దాకా జరిమానా లేని వెసులుబాటు ఉంటుంది. ఆ తర్వాత రోజుకు 25 డాలర్లు, గరిష్ఠంగా 1500 డాలర్లు. క్యాలెండర్ చూస్తే ఈ చివరి తేదీ హరికేన్ల నడిమధ్యన పడుతుంది. 2023 ఆగస్టు 30న హరికేన్ ఇడాలియా ఆ రాష్ట్రపు బిగ్ బెండ్ తీరాన్ని తాకింది. ఆ వెసులుబాటు ముగియడానికి అప్పటికి రెండు రోజులుంది. అలాంటప్పుడు ఉపయోగపడేలా చట్టంలోనే ఒక అప్పీలు ఉంది: గడువు దాటడానికి అసాధారణ పరిస్థితులు కారణమని చూపితే కమిషన్ జరిమానా రద్దు చేయవచ్చు. ఎవరికి వారు వచ్చి చెప్పుకోవాలి, విచారణ అడిగే హక్కు ఉంటుంది.

ఒక్కొక్కరి కథ విడిగా విని తీర్పు చెప్పే ఈ పద్ధతిలో న్యాయం ఎక్కువ, శ్రమా ఎక్కువే. తుపాను జిల్లా మొత్తాన్ని ఒకేసారి ముంచినప్పుడు ఒక్కో అర్జీ చదువుతూ కూర్చోవడం ఎవరికీ మేలు చేయదు.

2020లో కాలిఫోర్నియా మళ్లీ మొదటి దారి పట్టింది. అక్కడ స్థానిక, రాష్ట్ర అధికారులు ఇచ్చే ఆస్తుల చిట్టా ‘ఫారం 700’కు ఎక్కువమందికి గడువు ఏప్రిల్ 1. ఆలస్యమైతే రోజుకు 10 డాలర్లు, 100 డాలర్లకు మించదు. కొవిడ్ మూసివేతలు మొదలైన ఆ మార్చి నెలాఖరులో గవర్నర్ గావిన్ న్యూసమ్ ఎమర్జెన్సీ అధికారంతో 60 రోజులు పొడిగించారు. కొత్త తేదీ జూన్ 1. భూకంపాలూ కార్చిచ్చులూ దృష్టిలో పెట్టుకుని 1970లో రాసుకున్న ‘ఎమర్జెన్సీ సర్వీసెస్ యాక్ట్’ ఒక వైరస్ పుణ్యమా అని ఆస్తుల చిట్టా దాకా వచ్చింది. పాత నియమాల్లోని ‘మూసి ఉన్న ఆఫీసు’ అప్పటికే అర్థం కోల్పోతోంది. 2015 నుంచి ఫెడరల్ అధికారులు ‘ఇంటెగ్రిటీ’ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో ఫారాలు నింపుతున్నారు. పోర్టల్‌కు సెలవుల్లేవు, అది మునగదు కూడా. మునిగేది నింపాల్సిన మనిషి ఇల్లు, ఆగిపోయేది అతని ఊరి కరెంటు. కాబట్టి ఇప్పుడు గడువు గురించిన ప్రశ్న బల్లకు ఇటువైపు నుంచి అటువైపుకు మారింది.

నీళ్లు తీసిన తర్వాత

ఇంతవరకూ కథ దయ వైపు నడిచింది. ఇక్కడే రెండో వైపు చూడాలి. విపత్తు తర్వాతి వారాల్లో ప్రభుత్వం అన్ని రోజుల్లోకన్నా వేగంగా, తక్కువ కాగితాలతో డబ్బు ఖర్చుపెడుతుంది. అది తప్పు కూడా కాదు, జనం టార్పాలిన్ల కింద ఉండగా టెండర్ల గడువు కోసం ఆగలేరు. కట్రీనా తర్వాత పదిరోజులకే కాంగ్రెస్ చేసిన చట్టం సహాయ పనుల్లో పోటీ లేకుండా చిన్న కొనుగోళ్లు చేసే పరిమితిని 2500 డాలర్ల నుంచి ఏకంగా 2 లక్షల 50 వేల డాలర్లకు పెంచింది. విమర్శలు రావడంతో నెల తిరగకముందే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. తాత్కాలిక ఇళ్ల కోసం ఫెడరల్ విపత్తు సంస్థ ఫెమా నాలుగు పెద్ద కంపెనీలకు పోటీ లేకుండా తలా 10 కోట్ల డాలర్ల దాకా కాంట్రాక్టులు ఇచ్చి, తర్వాత వాటిని మళ్లీ టెండర్లకు పిలుస్తామని సెనేట్‌కు చెప్పాల్సివచ్చింది.

2017 సెప్టెంబర్ 20న హరికేన్ మరియా పోర్టోరికోను చీకటి చేసింది. అక్కడి విద్యుత్ సంస్థ మొంటానా రాష్ట్రంలోని వైట్‌ఫిష్ అనే చిన్న ఊరి కంపెనీకి 30 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. తుపాను నాటికి ఆ కంపెనీలో పూర్తికాలపు ఉద్యోగులు ఇద్దరే. ఆ ఊరు అప్పటి ఇంటీరియర్ శాఖ మంత్రి సొంత ఊరు కావడంతో ప్రశ్నలు లేచాయి. తనకు ఆ కాంట్రాక్టుతో సంబంధం లేదని ఆయన చెప్పారు. అక్టోబర్ 29న కాంట్రాక్టు రద్దు చేస్తున్నట్టు విద్యుత్ సంస్థ ప్రకటించింది. ఇలాంటి సందర్భంలో ఆస్తుల చిట్టా రెండు పక్షాలకూ పనికొస్తుంది. అనుమానించేవాడికి చూసుకోవడానికి ఒక కాగితం, అనుమానితుడికి చూపించుకోవడానికి ఒక కాగితం. అది లేని చోట ఊరి పేరే సాక్ష్యమైపోతుంది.

పన్ను గడువు పెంచితే ఖజానాకు కొన్ని నెలల వడ్డీ పోతుంది, అది లెక్కకు అందే నష్టం. చిట్టా గడువు పెంచితే అధికారికి ఏ కంపెనీలో వాటా ఉందో జనానికి తెలియని కాలం పెరుగుతుంది. ఆ కాలం కాంట్రాక్టులు పంచే కాలంతో కలిసిపోతే, చిట్టా వచ్చేసరికి బిల్లులు చెల్లించేసి ఉంటారు. అందుకే విపత్తు వేళ అందరికీ ఒకే కొలత సరిపోదు. మునిగిన ఊళ్లో ప్రణాళికా సంఘం సభ్యుడికి 60 రోజులిస్తే ఎవరికీ నష్టం లేదు. అదే ఊళ్లో సహాయ పనుల కొనుగోళ్లపై సంతకం పెట్టే అధికారికి అన్ని రోజులివ్వడం వేరే సంగతి.

పొడిగింపు అలవాటుగా మారితే

విపత్తు ఏదీ లేకుండానే గడువు కరిగిపోయిన కథలూ ఉన్నాయి. స్టాక్ యాక్ట్ పెద్ద అధికారుల చిట్టాలు అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టాలని చెప్పింది. ఆ పనికి 2012 ఆగస్టు 31 గడువు. అది సెప్టెంబర్ 30కి జరిగింది, ఆపైన డిసెంబర్ 8కి, ఆపైన 2013 ఏప్రిల్ 15కి. అధికారుల భద్రతకు ముప్పు ఉంటుందని ఒక అధ్యయనం చెప్పాక, ఆ ఏప్రిల్ 15నే ఎన్నికకాని అధికారుల్లో చాలామంది విషయంలో ఆ నిబంధననే ఎత్తేశారు. కారణం మంచిదో కాదో వేరే చర్చ. జరిగిన వరస మాత్రం చూడండి: వాయిదా, వాయిదా, వాయిదా, రద్దు.

మనకు ఈ వరస కొత్త కాదు. 2013 లోక్‌పాల్ చట్టం 44వ సెక్షన్ ప్రకారం ప్రజాసేవకులు తమవి, భార్యాభర్తలవి, తమపై ఆధారపడ్డ పిల్లలవి ఆస్తులు, అప్పులు ప్రకటించాలి. మొదటి గడువు 2014 సెప్టెంబర్ 15. అది ఆ డిసెంబర్ 31కి, 2015 ఏప్రిల్ 30కి, అక్టోబర్ 15కి, 2016 ఏప్రిల్ 15కి, జులై 31కి జరుగుతూ పోయింది. ఆ జులైలోనే పార్లమెంటు సెక్షన్‌ను సవరించి, ప్రభుత్వం నిర్దేశించిన రూపంలో, నిర్దేశించిన పద్ధతిలో ప్రకటించాలని మార్చింది. తేదీ పోయింది. ఈ పొడిగింపుల్లో దేనికీ తుపాను కారణం కాదు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబర్ 12న విశాఖను కుదిపేసింది గానీ, ఢిల్లీలో గడువు జరగడానికి దానితో పనిలేకపోయింది.

విపత్తు పొడిగింపును ఈ జబ్బు నుంచి వేరుచేసి చూపేది ఏమిటి? జవాబు మన శ్రీకాకుళం జిల్లాలోనే దొరుకుతుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలకొరిగాయి. కేంద్ర పన్నుల శాఖ ఇచ్చిన నోటిఫికేషన్ క్లుప్తంగా ఉంది: శ్రీకాకుళం జిల్లాలో ప్రధాన వ్యాపార స్థలం ఉన్నవారికి, సెప్టెంబర్, అక్టోబర్ నెలల జీఎస్‌టీఆర్-3బి రిటర్నులకు నవంబర్ 30 దాకా గడువు. ఒక జిల్లా, రెండు నెలలు, ఒక చివరి తేదీ. పక్క జిల్లావాడికి వర్తించదు, మూడో నెలకు వర్తించదు. లోక్‌పాల్ పొడిగింపులు దేశమంతటికీ వర్తించాయి, కారణం ఏ ఊరిదీ కాదు. తేడా అంతా అక్కడే ఉంది.

మన అఖిల భారత సర్వీసుల అధికారుల స్థిరాస్తి రిటర్నులకు గడువు జనవరి 31. బంగాళాఖాతంలో తుపానులు ముమ్మరంగా వచ్చేది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కాబట్టి, అమెరికా మే 15 లాగే ఇదీ చాలావరకు తప్పించుకుంటుంది. కానీ డిసెంబర్‌లో మునిగిన జిల్లాలో కాగితాలు జనవరికి ఆరవు. అలాంటి రోజు వచ్చేదాకా ఆగకుండా ముందే ఒక నియమం రాసి పెట్టుకుంటే మంచిది. దానికి కావలసిన ముక్కలన్నీ ఈ కథలో ఇప్పటికే తయారై ఉన్నాయి. శ్రీకాకుళం నోటిఫికేషన్ నుంచి జిల్లా పేరు, చివరి తేదీ తీసుకోవచ్చు. అమెరికా పన్నుల చట్టం నుంచి, విపత్తు ప్రకటన రాగానే దానంతటదే అమలయ్యే గుణం తీసుకోవచ్చు. ఎథిక్స్ చట్టం నుంచి 90 రోజుల పరిమితి, ఫెడరల్ ఎలక్షన్ కమిషన్ నుంచి ఏది సాకో ఏది కాదో చెప్పే జాబితా అరువు తెచ్చుకోవచ్చు. పోర్టోరికో అనుభవం నుంచి ఒక మినహాయింపు చేర్చాలి: సహాయ నిధుల మీద సంతకం పెట్టే అధికారికి పొడిగింపు లేదు, లేదా సంతకం పెట్టే ముందే చిట్టా ఇవ్వాలి. ఎవరెవరికి గడువు పెరిగిందో ఆ పేర్ల జాబితా కూడా చిట్టాలతో పాటే జనం చూడగలగాలి. ఇవన్నీ ఒక పేజీలో పడతాయి. ఆ పేజీని తుపాను హెచ్చరిక లేని రోజున, ఏ అధికారి ఇల్లు మునుగుతుందో ఎవరికీ తెలియనప్పుడు రాయాలి. అప్పుడు రాసిన నియమంలో ఎవరి ముఖమూ చూసి ఇచ్చిన మినహాయింపు ఉండదు.